ఉప్పుగాలిలో ఒంటిగొట్టం తుపాకి: ముందు గుర్తింపు, తర్వాతే మరమ్మతు

అండమాన్ నికోబార్ దీవుల్లో ఇనుముకు ఆయుష్షు తక్కువ. పడవ మేకులు, ఇంటి పైరేకులు, సైకిల్ గొలుసులు, తలుపు గడియలు అన్నీ ప్రధాన భూభాగంలో కంటే ఇక్కడ త్వరగా తుప్పు పడతాయి. ఏ ఊరూ సముద్రానికి దూరంగా ఉండదు. రెండు రుతుపవనాలూ వర్షాన్ని తెస్తాయి. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ చాలా నెలలు 75 శాతానికి పైనే ఉంటుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఉప్పుగాలి కొత్త కాదు కానీ, అది లోహాన్ని ఇంత త్వరగా తినేయడం మాత్రం ఇక్కడే కనిపిస్తుంది.

ఆ గాలి పాత తుపాకినీ వదలదు. ఆత్మరక్షణకో, పంట కాపలాకో ఎప్పుడో లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకులు దేశమంతటా ఉన్నాయి. వాటిలో చాలావరకు తరం మారేటప్పుడే మళ్లీ వెలుగులోకి వస్తాయి. లైసెన్సుదారు చనిపోయినప్పుడు ఆయుధాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలని 1959 ఆయుధాల చట్టంలోని 21వ సెక్షను చెబుతుంది. వారసుల పేరిట లైసెన్సు వచ్చాక అది తిరిగి ఇంటికి చేరుతుంది. అప్పటికి దాన్ని వాడిన మనిషి ఉండడు. ఎప్పుడు తయారైందో, ఏ తూటా వాడాలో, చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో చెప్పేవారు ఉండరు. మీట నొక్కితే పేలదు, లేదా మడత సరిగా మూసుకోదు. వెంటనే బాగు చేయించాలనిపిస్తుంది. కానీ లోపం ఏమిటని అడగడానికి ముందు, ఇది ఏ తుపాకి అని అడగాలి. గుర్తింపులో పొరపాటు జరిగితే ఎంత చక్కగా మరమ్మతు చేసినా ప్రమాదమే మిగులుతుంది.

లైసెన్సు పుస్తకంలోని నాలుగు అక్షరాలు

మన లైసెన్సు పుస్తకాల్లో తరచు కనిపించే మాటలు ఎస్‌బీబీఎల్, ఎస్‌బీఎంఎల్. మొదటిది ఒకే గొట్టం ఉండి, వెనుక నుంచి తూటా పెట్టే తుపాకి. రెండోది గొట్టం మూతి నుంచి మందు, గుళ్లు దట్టించే పాత పద్ధతి తుపాకి. ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకి అని పిలిచేది ఈ రెండో రకాన్నే.

వెనుక నుంచి నింపే వాటిలోనూ తేడాలున్నాయి. ఎక్కువగా కనిపించేది మడిచే తుపాకి. పైనో పక్కనో ఉన్న మీట తిప్పితే గొట్టం ఒక కీలు మీద కిందికి వంగుతుంది. కొన్నింటికి బయటకు కనిపించే సుత్తి ఉంటుంది, కొన్నింటికి లోపలే ఉంటుంది. రెండోది మార్టిని పద్ధతి. ట్రిగ్గర్ కింద ఉన్న పొడవాటి మీటను కిందికి లాగితే లోపలి ఉక్కు దిమ్మె దిగి, తూటా పెట్టే దారి తెరుచుకుంటుంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ కంపెనీ ఇదే పద్ధతిలో 'జీపీ' అనే ఒంటిగొట్టం 12 బోరు తుపాకిని తయారు చేసింది.

మూడో రకం చూడటానికి రైఫిల్‌లా ఉంటుంది. బ్రిటిష్ పాలనలో బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కొన్ని లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను కాపలా పనికి పనికొచ్చేలా ఒక్కో తూటా పేల్చే .410 మస్కెట్లుగా మార్చింది. వాటి గొట్టంలో రైఫిల్ గాళ్లు ఉండవు. తూటాల అర ఉండాల్సిన చోటు చెక్క దిమ్మెతో మూసి ఉంటుంది. ఇక్కడ పేరే మోసం చేస్తుంది. ఈ మస్కెట్‌కు ఉద్దేశించిన తూటా .303 తూటా గొట్టాన్ని మెడ లేకుండా నిటారుగా ఉంచి చేసినది. బజారులో దొరికే మామూలు .410 గుళ్ల తూటా కొలతలు వేరు. అంకె ఒకటే కాబట్టి తూటా ఒకటేనని అనుకోకూడదు.

ఏ రకమైనా మొదటి పని ఒక్కటే. మూతిని మనుషుల వైపు, ఇంటి వైపు తిప్పకుండా పట్టుకుని, లోపల తూటా లేదని కంటితో చూసి నిర్ధారించుకోవాలి. మూతి నుంచి నింపే తుపాకికి తెరిచి చూసే వీలుండదు. దాని గొట్టంలోకి ఒక చెక్క కడ్డీని మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే కడ్డీని గొట్టం బయట పక్కన ఆనించి చూస్తారు. గుర్తు నుంచి కడ్డీ కొన వెనుక భాగం దాకా చేరకుండా కొన్ని అంగుళాల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. నల్లమందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. గోడకు వేలాడదీసిన పాత తుపాకి నిండి ఉండటం కొత్త సంగతి కాదు. అనుమానం వస్తే దాన్ని అక్కడే ఉంచి పోలీసులకు, లైసెన్సు ఉన్న నిపుణుడికి తెలియజేయాలి.

12 అంటే ఏమిటి?

12 బోరు, 16 బోరు, 20 బోరు అనే అంకెలు మిల్లీమీటర్లూ కావు, అంగుళాలూ కావు. ఒక పౌండు సీసాన్ని సమానమైన 12 గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. లెక్క ఎవరైనా చేసి చూడవచ్చు. పౌండు అంటే 453.6 గ్రాములు. దాన్ని 12తో భాగిస్తే 37.8 గ్రాములు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు కాబట్టి గుండు పరిమాణం 3.33 ఘన సెంటీమీటర్లు. అంత గోళం వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. ఇదే లెక్క 16 బోరుకు 16.8, 20 బోరుకు 15.6 మిల్లీమీటర్లు ఇస్తుంది. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. .410 మాత్రం ఈ లెక్కకు బయటిది. అది నేరుగా అంగుళాల్లో చెప్పిన వ్యాసం, అంటే సుమారు 10.4 మిల్లీమీటర్లు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుంది? 20 బోరు తూటాను 12 బోరు తుపాకిలో వేస్తే అది వెనుక అంచు దగ్గర ఆగకుండా జారి, గొట్టంలో కొంచెం ముందు ఇరుక్కుంటుంది. చూసేవారికి గది ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనుక 12 బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టం చీలిపోవచ్చు. ముందు చేత్తో గొట్టాన్ని పట్టుకునేది సరిగ్గా ఆ చోటే. అందుకే చాలా దేశాల్లో 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసే అలవాటు వచ్చింది.

బోరుతో పాటు తూటా గది పొడవూ ముఖ్యమే. పాత 12 బోరు తుపాకులు చాలావాటికి 65 మిల్లీమీటర్ల గది ఉంటుంది. ఇప్పుడు సాధారణంగా దొరికేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. 76 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. ఈ కొలత పేలిన తర్వాత విచ్చుకున్న తూటా పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొడవైన తూటా కూడా పొట్టి గదిలో సులభంగా ఇమిడిపోతుంది. పేలాక విచ్చుకునే మూతికి చోటు చాలక దారి ఇరుకై, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. 'పట్టింది కాబట్టి సరిపోతుంది' అనే మాట ఇక్కడ చెల్లదు. గది పొడవును లైసెన్సు ఉన్న నిపుణుడు గేజితో కొలిచి చెప్పాలి.

గొట్టం కింద ముద్రలు

తుపాకి పుట్టుపూర్వోత్తరాలు ఎక్కువగా గొట్టం అడుగున, చెక్క ముందు భాగాన్ని తీస్తేనే కనిపించే చోట ఉంటాయి. అక్కడి చిన్న ముద్రలు ప్రూఫ్ పరీక్షకు గుర్తులు. మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటాతో గొట్టాన్ని పరీక్షించి, తట్టుకుంటే ముద్ర వేస్తారు. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో రాజ శాసనం లభించింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. బెల్జియంలోని లియేజ్ నగరం ముద్రలో అండాకారం లోపల ఈ, ఎల్, జీ అనే రోమన్ అక్షరాలుంటాయి. మన దేశంలో ఇషాపూర్ ఫ్యాక్టరీ 1904లో, అంతకుముందు నల్లమందు కర్మాగారం నడిచిన స్థలంలోనే మొదలైంది. బిహార్‌లోని ముంగేర్‌కు తుపాకుల తయారీ 18వ శతాబ్దిలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం కాలం నుంచి వస్తున్న వృత్తి.

ముద్రల్లో అన్నిటికంటే ముందు వెతకాల్సింది కిరీటం కింద ఎన్, పీ అనే అక్షరాలు. ఇవి నైట్రో ప్రూఫ్‌కు గుర్తు. ఆ తుపాకిని పొగరాని మందుతో పరీక్షించారని అర్థం. బ్రిటిష్ తుపాకుల మీద 1954 నిబంధనల తర్వాత అనుమతించిన ఒత్తిడిని చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని చెక్కడం మొదలైంది. ఈ ముద్ర లేని పాత తుపాకిని నల్లమందు కాలానిదిగానే భావించాలి.

తేడా మందు స్వభావంలో ఉంది. నల్లమందులో సుమారు 75 శాతం సురేకారం, 15 శాతం బొగ్గు, 10 శాతం గంధకం ఉంటాయి. 1884లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ వియేల్ నైట్రోసెల్యులోజ్‌తో చేసిన పొగరాని మందు తుపాకుల చరిత్రనే మార్చింది. అదే బరువుకు అది విడుదల చేసే శక్తి చాలా ఎక్కువ. నేటి ప్రామాణిక 12 బోరు తూటాకు యూరోపియన్ నియమాలు అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 740 బార్లు, అంటే వాతావరణ పీడనానికి సుమారు 730 రెట్లు. నల్లమందు కోసం పోసిన గొట్టానికి ఈ భారం మోపడం న్యాయం కాదు.

చుట్టుడు గొట్టాలు, కోనసముద్రం ఉక్కు

కొన్ని పాత గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. వీటిని డమాస్కస్ గొట్టాలంటారు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, ఒక కడ్డీ చుట్టూ రిబ్బనులా చుట్టి, కొలిమిలో సుత్తితో అతికించి తయారు చేసేవారు. గట్టి ఉక్కు దిమ్మెకు రంధ్రం వేసి గొట్టం చేసే పద్ధతి స్థిరపడ్డాక, 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఇవి కనుమరుగయ్యాయి.

డమాస్కస్ అనే పేరుతో తెలుగు నేలకూ సంబంధం ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కు ముద్దలను కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ వాయ్సీ రాశాడు. పేరుపొందిన డమాస్కస్ కత్తుల మీది అలలు అలాంటి ఉక్కులో కార్బన్ పంపిణీ వల్ల సహజంగా ఏర్పడినవి. తుపాకి గొట్టం మీది అలలు మాత్రం రెండు లోహాలను అతికించడం వల్ల వచ్చినవి. చూపుకు ఒకటే అయినా నిర్మాణం వేరు. ఒక డమాస్కస్ గొట్టంలో పొడుగునా కొన్ని మీటర్ల అతుకు ఉంటుంది. అతుకు మధ్య ఎక్కడైనా కొలిమి మసి చిక్కి ఉంటే తేమ, ఉప్పు అక్కడి నుంచే లోపలికి దారి చేసుకుంటాయి. పైకి మెరుస్తున్న గొట్టం లోపల ఎలా ఉందో కంటితో చెప్పలేం. దీవుల వాతావరణంలో దశాబ్దాలు గడిపిన చుట్టుడు గొట్టానికి సరైన చోటు అద్దాల బీరువానే.

ఉప్పు ఎందుకంత పని చేస్తుంది?

పొడి గాలిలో ఇనుము దాదాపు తుప్పు పట్టదు. నీటి పలుచని పొర ఏర్పడాలి, అందులో ప్రాణవాయువు కరగాలి, విద్యుత్తును మోసే అయాన్లు ఉండాలి. ఇంగ్లండ్‌కు చెందిన డబ్ల్యు. హెచ్. జె. వెర్నన్ 1920, 30 దశకాల్లో చేసిన ప్రయోగాల్లో ఒక కీలకమైన సంగతి తేలింది. గాలిలో తేమ ఒక హద్దు దాటేదాకా ఇనుము మీద తుప్పు చాలా నెమ్మదిగా సాగుతుంది. హద్దు దాటగానే ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. శుభ్రమైన ఉక్కుకు ఈ హద్దు సుమారు 60 శాతం సాపేక్ష ఆర్ద్రత.

ఉప్పు ఈ హద్దును మార్చేస్తుంది. వానాకాలంలో ఉప్పు డబ్బాలో నీరు ఊరడం ప్రతి వంటింట్లో చూసేదే. మామూలు ఉప్పు 75 శాతం ఆర్ద్రత దగ్గర గాలిలోని తేమను లాక్కుని తనంత తాను ద్రవమైపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. అంటే కెరటాల తుంపర్లతో వచ్చి తుపాకి మీద వాలిన కంటికి కనిపించని ఉప్పు రేణువు, వాన లేని రోజు కూడా తన చుట్టూ ఒక తేమ చుక్కను నిలుపుకుంటుంది. అందులోని క్లోరైడ్ అయాన్లు ఉక్కు మీది రక్షక పొరను చీల్చి ఒకేచోట లోతుగా తవ్వుతాయి. అలా ఏర్పడేవే తుప్పు గుంటలు. అంతటా సమానంగా పరుచుకున్న తుప్పు కంటే ఈ గుంటలే ప్రమాదకరం.

వాతావరణం ఉక్కును తినే వేగాన్ని ఐఎస్ఓ 9223 ప్రమాణం తరగతులుగా విభజించింది. పొడి గదిలో ఏడాదికి 1.3 మైక్రాన్లకు మించి పోదు. సీ5 అనే తీవ్ర తరగతిలో, ఆరుబయట ఉంచిన ఉక్కు మొదటి ఏడాదే 80 నుంచి 200 మైక్రాన్ల మందం కోల్పోతుంది. ఇంట్లో ఉన్న తుపాకి అంత నష్టపోదు. అయినా గొట్టం మూతి వైపు గోడ మందం తరచు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ మాత్రమే ఉంటుందని గుర్తుంచుకుంటే, కొన్ని పదుల మైక్రాన్లకు కూడా విలువ ఉంటుంది.

తుపాకి పైని నలుపు, నీలం రంగు పూత కూడా ఒక రకం తుప్పే. అది మాగ్నటైట్ అనే నల్లని ఐరన్ ఆక్సైడ్. ఎర్ర తుప్పులా పొరలు పొరలుగా ఊడిపోకుండా ఉక్కును అంటిపెట్టుకుని, నూనెను పట్టి ఉంచుతుంది. నూనె ఆరిపోతే ఒకటి రెండు మైక్రాన్ల ఆ పూత ఉప్పుగాలికి ఎక్కువ కాలం నిలవదు.

లోపలి నుంచి వచ్చే ఉప్పు

సముద్రం బయటి నుంచి పంపే ఉప్పు ఒకటైతే, తూటా లోపల మిగిల్చేది మరొకటి. నల్లమందు పేలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. అందులో పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్, సల్ఫైడ్లు ఉంటాయి. పొటాషియం కార్బొనేట్ 43 శాతం ఆర్ద్రతకే నీరవుతుంది. పాత తూటాల టోపీల్లో వాడిన పొటాషియం క్లోరేట్ పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. అది 84 శాతం ఆర్ద్రత దగ్గర నీరవుతుంది. దీవుల్లో రాత్రిపూట గాలి ఆ మాత్రం తేమ సులభంగా అందుకుంటుంది. తుప్పు పట్టించని టోపీలు 1920 దశకం తర్వాతే క్రమంగా వాడుకలోకి వచ్చాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కాల్చిన తర్వాత నేరుగా నూనె పూయడం. ఈ లవణాలు నూనెలో కరగవు. నూనె పొర కింద క్షేమంగా కూర్చుని తమ పని తాము చేసుకుంటాయి. వాటిని కరిగించేది నీరే. అందుకే విడదీసిన గొట్టాన్ని ముందు వేడి నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన ఖనిజ నూనె పూయాలి. వేడి నీరైతే గొట్టమూ వేడెక్కి త్వరగా ఆరుతుంది. తీరంలోని బావి నీటిలో ఉప్పు ఉండవచ్చు కాబట్టి వాన నీరు, లేదా బ్యాటరీలకు వాడే శుద్ధజలం మేలు. దీవుల్లో ఇంటింటా దొరికే కొబ్బరి నూనె మాత్రం ఈ పనికి రాదు. కొవ్వు ఆమ్లాలున్న ఆ నూనె గాలి తగిలి కాలక్రమంలో జిగురుగా మారుతుంది, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది.

లక్షణాలను బట్టి లోపం

మీట నొక్కితే 'టక్' మని శబ్దం వచ్చి తూటా పేలకపోతే, వెంటనే తెరవకూడదు. ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. మూతిని సురక్షితమైన దిశలో ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. తర్వాత తూటా టోపీ మీద సూది పడిన గుర్తు చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. గుర్తు మధ్యలోనే పడినా లోతు లేకపోతే స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు, పాత నూనె జిగురై సూదిని పట్టేసి ఉండవచ్చు, లేదా తూటాకూ వెనుక గోడకూ మధ్య ఖాళీ పెరిగి ఉండవచ్చు. గుర్తు పక్కకు పడితే కీలు వదులైందేమో చూడాలి. గుర్తు లోతుగా, మధ్యలో ఉండి కూడా పేలలేదంటే తూటా టోపీ తేమ పీల్చిందని అనుమానించాలి.

పేలిన తూటా బయటకు రాకపోతే గదిలో తుప్పు గుంటలున్నాయేమో చూడాలి. ఒత్తిడికి తూటా గొట్టం ఆ గుంటల్లోకి ఒత్తుకుని పట్టేస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ తూటా మీద గుంటల అచ్చు వేలిముద్రలా కనిపిస్తుంది. కాగితపు తూటాలైతే తేమకు ఉబ్బి అసలు లోపలికే వెళ్లవు. అలాంటి వాటిని బలవంతంగా తోయకూడదు, ఎండబెట్టి వాడాలనీ చూడకూడదు.

మడత గట్టిగా మూసుకుందా లేదా అనేది తెలుసుకోవడానికి ముందు భాగపు చెక్కను తీసి చూడాలి. ఆ చెక్కలోని స్ప్రింగు కీలు వదులును దాచేస్తుంది. చెక్క తీసి, మూసిన తుపాకిని వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా కదిపితే గొట్టం ఆడుతుందా, వెనుక గోడకూ గొట్టానికీ మధ్య వెలుగు గీత కనిపిస్తుందా అనేది తెలుస్తుంది. వదులు ఉంటే కాల్చినప్పుడు వేడి వాయువులు వెనక్కు, అంటే కంటి వైపు చిమ్మే ప్రమాదం ఉంది.

గొట్టాన్ని విడదీసి కిటికీ వైపు పట్టి చూస్తే లోపల నిటారు నీడ గీత కనిపిస్తుంది. ఆ గీత ఎక్కడైనా ఉంగరంలా వంగితే అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం. ఎప్పుడో అడ్డుతో పేల్చి ఉంటారు. ఉష్ణ ప్రాంతాల్లో కందిరీగలు మట్టితో గూడు కట్టడానికి ఇలాంటి రంధ్రాలను వెతుక్కుంటాయి. మరిచిపోయిన గుడ్డ పీలిక చాలు గొట్టం ఉబ్బడానికి. ఉబ్బిన గొట్టానికి మరమ్మతు లేదు.

సుత్తి బయటికి ఉన్న తుపాకుల్లో సగం ఎత్తు గాడి అరిగిందా అని నిపుణుడు చూడాలి. మరీ పాతవాటిలో దించిన సుత్తి నేరుగా సూదిని టోపీకి ఆనించి ఉంచుతుంది. అలాంటి తుపాకి చేతి నుంచి జారినా పేలుతుంది. చెక్క కథ వేరు. 50 శాతం ఆర్ద్రతలో సుమారు 9 శాతం నీరున్న చెక్క, 80 శాతంలో 16 శాతం దాకా పీల్చుకుంటుంది. ఉబ్బినప్పుడు మరలను బిగిస్తుంది, ఎండినప్పుడు వాటి చుట్టూ చీలుతుంది.

గుంట లోతెంత?

తుప్పు రుద్దేస్తే తుపాకి కొత్తదైపోయినట్టు కనిపిస్తుంది. గొట్టం గోడ మీద పడే లాగుడు బలాన్ని లెక్కించే సూత్రం సులభం: లోపలి ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి, గోడ మందంతో భాగించాలి. 12 బోరు గొట్టం మధ్యలో ఒకచోట ఒత్తిడి 100 బార్లు అనుకుందాం. వ్యాసార్ధం 9.25 మిల్లీమీటర్లు, గోడ ఒక మిల్లీమీటరు అయితే లోహం మీద బలం సుమారు 92 మెగాపాస్కల్స్. తుప్పు పోవాలని లోపలంతా అరగదీసి గోడను అర మిల్లీమీటరు చేస్తే అది 185కు చేరుతుంది. గుంట ఒకేచోట ఉంటే, దాని అడుగున బలం కేంద్రీకృతమై లెక్కకు మించుతుంది. ప్రూఫ్ ముద్ర వేసిన రోజున గోడ ఎంత మందంగా ఉందో ఈ రోజు అంత లేదంటే, ఆ ముద్ర హామీ కూడా అంతమేరకు చెల్లనట్టే. అందుకే పాత గొట్టానికి పాలిషు చేసే ముందు గోడ మందం కొలిపించడం అవసరం.

రుద్దడంలో చట్టపరమైన చిక్కూ ఉంది. ఆయుధం మీది పేరు, నంబరు వంటి గుర్తింపు ముద్రలను చెరిపినా మార్చినా ఆయుధాల చట్టం 8వ సెక్షను ప్రకారం నేరం. తుప్పు కింద నంబరు మసకబారితే ఉప్పుకాగితం అందుకోకుండా, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి లైసెన్సింగ్ అధికారికి తెలపడం మంచిది. మరమ్మతు, పరీక్ష కూడా లైసెన్సు ఉన్నవారే చేయాలని అదే చట్టం 5వ సెక్షను చెబుతోంది. శ్రీ విజయపురం నుంచి, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న రేవు నుంచి, ఓడలో చెన్నైకో విశాఖకో తీసుకెళ్లాలంటే లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో ముందే చూసుకోవాలి.

దీవుల్లో దాచే పద్ధతి

తుపాకి వాడిన రోజుల కంటే దాచిన రోజులే దాన్ని ఎక్కువ పాడుచేస్తాయి. తోలు సంచి చూడటానికి బాగుంటుంది కానీ తేమను పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన లవణాలు లోహానికి తగులుతాయి. నూనె గుడ్డతో తుడిచి, గాలి చొరబడని పెట్టెలో సిలికా జెల్‌తో ఉంచడం నయం. సిలికా జెల్ నిండిపోయాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. మూత సరిగా పడని పెట్టెలో అది కొన్ని రోజులకే నిండిపోతుంది. చెమట చేతులతో తాకిన ప్రతిసారీ తుడవాలి, ఎందుకంటే చెమటలోనూ ఉన్నది ఉప్పే. ఎన్నికల సమయంలో ఆయుధం డిపాజిట్ చేయాల్సి వస్తే అప్పగించే ముందు నూనె పూసి, తిరిగి తీసుకున్న రోజే విప్పి చూడాలి. వారాల తరబడి తేమ గదిలో ఉన్న తుపాకిని నేరుగా వాడకూడదు.

పంట కాపలాకు ఇచ్చిన లైసెన్సు వన్యప్రాణులను కాల్చే అనుమతి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ వారు తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు సహజ శత్రువులు లేక అండమాన్‌లో పెరిగిపోయి అడవికీ పైరుకూ నష్టం చేస్తున్నా, వాటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు ముందునుంచీ ఉన్న వేట హక్కులను మాత్రం ఆ చట్టం 65వ సెక్షను ప్రత్యేకంగా మినహాయించింది.

పరీక్షలన్నీ పూర్తయ్యాక కొన్ని తుపాకులు చిన్న స్ప్రింగు మార్చితే మళ్లీ పనిచేస్తాయి. కొన్నింటికి నైట్రో ముద్ర ఉండదు, కొన్నింటి గొట్టం ఉబ్బి ఉంటుంది, కొన్నింటి గోడ పలుచబడి ఉంటుంది. వాటిని పేల్చకుండా పక్కన పెట్టడమే సరైన నిర్ణయం. ఉంచుకోవడమా, డీలరుకు ఇవ్వడమా, పోలీసులకు అప్పగించడమా అన్నది కుటుంబం లైసెన్సింగ్ అధికారితో మాట్లాడి తేల్చుకోవాలి. ఏది చేసినా, బోరు, గది పొడవు, ముద్రలు, నంబరు, గోడ మందం ఒక కాగితం మీద రాసి లైసెన్సు పుస్తకంతో పాటు ఉంచితే, తర్వాతి తరం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పని ఉండదు.